తలుపు తీసిన చేతులు, రాయని మాటలు: ఇమ్మాన్యుయేల్ సెల్లర్ యాభై ఏళ్ల చట్టసభ జీవితం

1923 ఫిబ్రవరి 19న అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో తీర్పు చెప్పింది. థింద్ పంజాబ్‌లో పుట్టిన సిక్కు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. అప్పటి చట్టం ప్రకారం అమెరికా పౌరసత్వం తెల్లవాళ్లకూ, ఆఫ్రికన్ సంతతివాళ్లకూ మాత్రమే దొరికేది. కాబట్టి తాను తెల్లవాడినని థింద్ నిరూపించుకోవాల్సి వచ్చింది. అందుకు అతని తరఫు వకీళ్లు ఎంచుకున్న ఆయుధం కులం. థింద్ అగ్రకుల హిందువు, ఆర్యుడు, కులం బయట పెళ్లిళ్లు చేసుకోని కట్టడి వల్ల అతని రక్తం స్వచ్ఛంగా ఉంది అని వాదించారు. అమెరికా తెల్లవాడు పెళ్లి విషయంలో నల్లవాణ్ని ఎలా చూస్తాడో, అగ్రకులంవాడు ఈ దేశపు మూలవాసిని అలాగే చూస్తాడని కూడా కోర్టుకు విన్నవించారు.

దీనికి ఏడేళ్ల ముందు, 1916లో, న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ కులాల మీద ఒక పత్రం చదివారు. కులం బయట పెళ్లి నిషేధమే కులానికి ఆయువుపట్టు అని అందులో తేల్చారు. అంబేడ్కర్ దేన్ని జబ్బుగా గుర్తించారో, థింద్ వకీళ్లు దాన్నే అర్హతగా చూపించారు. కోర్టు ఆ వాదనను కొట్టేసింది. సామాన్య అమెరికన్ దృష్టిలో భారతీయుడు తెల్లవాడు కాడంది. ఆ తర్వాత ప్రభుత్వం అప్పటికే పౌరులైన భారతీయుల మీద కూడా కేసులు పెట్టి పదుల మంది పౌరసత్వం లాక్కుంది.

ఈ తీర్పు వచ్చిన రెండు వారాలకు, 1923 మార్చి 4న, బ్రూక్లిన్ నుంచి గెలిచిన ముప్పై నాలుగేళ్ల వకీలు ఇమ్మాన్యుయేల్ సెల్లర్ పదవీకాలం ప్రతినిధుల సభలో మొదలైంది. 1973 జనవరి దాకా, అంటే యాభై ఏళ్లకు రెండు నెలలు తక్కువగా, ఆయన అక్కడే ఉన్నారు. ఇవాళ అమెరికాలో ఉన్న తెలుగువాళ్లలో అత్యధికులు ఆయన పేరున్న చట్టం తీసిన తలుపులోంచి వెళ్లినవాళ్లే, లేదా వాళ్ల పిల్లలే. అక్కడ ఉద్యోగంలో వివక్ష ఎదురైతే పట్టుకునే ప్రధాన చట్టాన్ని సభలో ప్రవేశపెట్టిందీ ఆయనే. అయినా మన చర్చల్లో ఆయన పేరు దాదాపు వినపడదు. ఆయన్ని పూజించడానికి కాదు గానీ, చట్టం ఎలా పుడుతుందో, ఎవరిని చేర్చుకుంటుందో, ఎవరిని వదిలేస్తుందో అర్థం చేసుకోవడానికి ఆ జీవితం పనికొస్తుంది.

బ్రూక్లిన్ కుర్రాడు

సెల్లర్ 1888 మే 6న బ్రూక్లిన్‌లో, జర్మనీ నుంచి వలస వచ్చిన వాళ్ల కుటుంబంలో పుట్టారు. పెరిగింది యూదుడిగా. కాలేజీలో ఉండగానే తల్లిదండ్రులిద్దరూ చనిపోయారు. తండ్రి చేసిన వైన్ అమ్మకం పనిని భుజానికెత్తుకుని ఇల్లు నడుపుతూ చదువుకున్నారు. 1910లో కొలంబియా కాలేజీ నుంచి డిగ్రీ, 1912లో అక్కడి లా స్కూల్ నుంచి న్యాయశాస్త్ర పట్టా తీసుకున్నారు. మరుసటి ఏడాది, 1913లో, బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అంబేడ్కర్ అదే విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టారు. వాళ్లిద్దరి దారులూ ఒక్క ఏడాది తేడాతో తప్పిపోయాయి.

1922 ఎన్నికల్లో సెల్లర్ డెమొక్రటిక్ పార్టీ తరఫున గెలిచారు. ఆయన నియోజకవర్గం నిండా తూర్పు, దక్షిణ ఐరోపాల నుంచి వచ్చిన యూదులు, ఇటాలియన్లు, పోలిష్ వాళ్లు ఉండేవారు. సభలోకి వెళ్లేసరికి అక్కడ వాళ్లలాంటి వాళ్లనే దేశంలోకి రానివ్వకుండా చేసే బిల్లు తయారవుతోంది.

అదే 1924 వలస చట్టం. దాని లెక్క చాలా తెలివైనది. 1890 జనాభా లెక్కల్లో ఒక్కో దేశంలో పుట్టినవాళ్లు అమెరికాలో ఎంతమంది ఉన్నారో చూసి, అందులో రెండు శాతానికి మాత్రమే ఏటా ఆ దేశానికి వీసాలు ఇస్తారు. కొత్త లెక్కలు చేతిలో ఉండగా ముప్పై ఏళ్ల కిందటి లెక్కలు ఎందుకు? ఎందుకంటే యూదులు, ఇటాలియన్లు పెద్ద సంఖ్యలో వచ్చింది 1890 తర్వాతే. ఇక ఆసియావాళ్లకు ఆ కొద్దిపాటి కోటా కూడా లేదు. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు వలస రావడానికి కూడా వీల్లేదని చట్టం చెప్పింది. ఆ అర్హత లేదని భారతీయుల విషయంలో అంతకు ముందు ఏడాదే థింద్ తీర్పు తేల్చేసింది. పుట్టుకను బట్టి మనుషులకు మెట్లు కట్టడం అంటే ఏమిటో మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

సభలో సెల్లర్ తొలి పెద్ద ప్రసంగం ఈ బిల్లుకు వ్యతిరేకంగా చేసిందే. బిల్లు భారీ మెజారిటీతో పాసయింది. దాన్ని తీసేయించడానికి ఆయనకు నలభై ఒక్క ఏళ్లు పట్టింది.

నూటికి పరిమితమైన తలుపు

మధ్యలో జరిగినవి చిన్న విషయాలు కావు. హిట్లర్ నుంచి పారిపోతున్న యూదులకు ఆ కోటాలే గోడలయ్యాయి. శరణార్థులకు వీసా నిబంధనలు సడలించమని సెల్లర్ సొంత పార్టీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వాన్నే నిలదీశారు. 1943లో శరణార్థుల కోసమంటూ బెర్ముడాలో జరిపిన సమావేశం ఏమీ తేల్చకుండా ముగిస్తే బాహాటంగా దుయ్యబట్టారు. ఆ రోజుల్లో ఆయన మాట చెల్లలేదు. సభలో ఉండటం వేరు, సభలో మాట చెల్లడం వేరు అన్న సంగతి ఆయన చాలా ఖరీదు చెల్లించి నేర్చుకున్నారు.

అదే యుద్ధం ఇంకో దారి తెరిచింది. ఆసియావాళ్లను హీనంగా చూసే దేశమని జపాన్ ప్రచారం చేస్తుంటే అమెరికా ఇబ్బంది పడింది. 1943లో చైనావాళ్ల మీద నిషేధం ఎత్తేశారు. ఇండియా లీగ్ ఆఫ్ అమెరికా నాయకుడు జె.జె. సింగ్ లాంటివాళ్లు భారతీయుల కోసం వాషింగ్టన్‌లో గట్టిగా పనిచేశారు. సెల్లర్, రిపబ్లికన్ సభ్యురాలు క్లేర్ బూత్ లూస్ కలిసి బిల్లు నడిపించారు. 1946 జులై 2న అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో అది లూస్-సెల్లర్ చట్టమైంది. భారతీయులకూ, ఫిలిప్పీన్స్ వాళ్లకూ అమెరికా పౌరసత్వం పొందే హక్కు వచ్చింది.

కానీ భారతదేశానికి ఇచ్చిన కోటా ఏడాదికి 100 మంది. ఒక ఉపఖండానికంతా వంద. అయినా పౌరసత్వపు హక్కు చిన్నది కాదు. దాన్ని ఉపయోగించుకుని దలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరుడయ్యారు, 1956లో కాలిఫోర్నియా నుంచి ప్రతినిధుల సభకు గెలిచారు. ఆ సభకు గెలిచిన తొలి ఆసియా సంతతి అమెరికన్ ఆయనే. పదేళ్ల ముందు దాకా పౌరసత్వానికే పనికిరాడన్న మనిషి సెల్లర్‌తో సమానంగా సభలో కూర్చున్నారు.

కుర్చీకి ఉన్న బలం

1949లో సెల్లర్ ప్రతినిధుల సభ జుడీషియరీ కమిటీకి ఛైర్మన్ అయ్యారు. రిపబ్లికన్లకు మెజారిటీ ఉన్న రెండేళ్లు తప్పిస్తే 1973 దాకా ఆ కుర్చీ ఆయనదే. అమెరికాలో బిల్లు ముందు కమిటీకి వెళుతుంది. ఛైర్మన్ విచారణ పెడితే బతుకుతుంది, పెట్టకపోతే సొరుగులో చస్తుంది. ఆ రోజుల్లో ఆ కుర్చీ ఓటుతోనో, ప్రతిభతోనో రాదు. ఎక్కువ కాలం సభలో ఉన్నవాడికి వస్తుంది. అందుకే ప్రతి రెండేళ్లకూ గెలుస్తూ పోవడమే సెల్లర్ రాజకీయమంతా.

ఈ ఏర్పాటు ఎవరికి ఉపయోగపడుతుందో చూడాలి. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి వాళ్లను ఓటు వేయనివ్వరు. కాబట్టి అక్కడి తెల్లజాతి దురహంకార నాయకులకు పోటీ లేదు. వాళ్లు ఏళ్ల తరబడి గెలిచి కమిటీల ఛైర్మన్లవుతారు. ఆ కుర్చీల్లో కూర్చుని నల్లజాతివాళ్లకు ఓటు వచ్చే బిల్లులను పాతిపెడతారు. సెనేట్‌లో జుడీషియరీ కమిటీ ఛైర్మన్ జేమ్స్ ఈస్ట్‌లాండ్ మిసిసిపీలో పత్తి తోటల ఆసామి. పౌర హక్కుల బిల్లులకు అతని కమిటీ శ్మశానం. రెండు సభల్లో ఒకే పేరున్న రెండు కమిటీలు. ఒక దానికి సెల్లర్, ఇంకో దానికి ఈస్ట్‌లాండ్.

1957, 1960 పౌర హక్కుల చట్టాలు సెల్లర్ కమిటీ నుంచే వచ్చాయి. రెండూ బలహీనమైనవే. ఓటు వేయడానికి పన్ను కట్టాలన్న నిబంధనను జాతీయ ఎన్నికల్లో రద్దు చేసిన ఇరవై నాలుగో రాజ్యాంగ సవరణ, పద్దెనిమిదేళ్లకు ఓటు హక్కు ఇచ్చిన ఇరవై ఆరో సవరణ సహా నాలుగు సవరణలు ఆయన ఛైర్మన్‌గా ఉన్నప్పుడే ఆ కమిటీ దాటాయి. పెద్ద కంపెనీలు చిన్నవాటి ఆస్తులు కొనేసి పోటీని మింగేయడాన్ని అడ్డుకునే 1950 సెల్లర్-కెఫావర్ చట్టం కూడా ఆయనదే.

1964: వీధి, కమిటీ, సభ

1963 వసంతంలో బర్మింగ్‌హామ్‌లో నల్లజాతి పిల్లల మీదికి పోలీసులు కుక్కలను వదిలారు, నీటి గొట్టాలు ఎక్కుపెట్టారు. జూన్ 12న మిసిసిపీలో ఉద్యమ నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను ఇంటి ముందే కాల్చి చంపారు. జూన్ 20న సెల్లర్ సభలో హెచ్.ఆర్. 7152 బిల్లు ప్రవేశపెట్టారు. ఈ వరస ముఖ్యం. వీధిలో రక్తం చిందాకే సభలో కాగితం కదిలింది. సెల్లర్ ఒక్కరే ఈ చట్టం తెచ్చారంటే అది అబద్ధం. అయితే వీధి తెచ్చిన ఒత్తిడిని చట్టంగా మార్చే మనిషి ఆ కుర్చీలో లేకపోతే ఏమయ్యేదో ఈస్ట్‌లాండ్ కమిటీని చూస్తే తెలుస్తుంది.

సెల్లర్ తన ఉపకమిటీలో కెనడీ ప్రభుత్వం పంపినదానికంటే బిల్లును చాలా బలంగా మార్చారు. ఇంత గట్టిగా ఉంటే సభలో ఓడిపోతుందని ప్రభుత్వమే భయపడింది. చివరికి ఒహాయో రిపబ్లికన్ విలియం మెకల్లక్‌తో కలిసి ఒక రాజీ ముసాయిదా తయారయింది. అయినా ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే భాగం అందులో మిగిలింది. అదే ఇవాళ టైటిల్ ఏడు అని పిలిచే భాగం.

తర్వాతి గోడ రూల్స్ కమిటీ. దాని ఛైర్మన్, వర్జీనియాకు చెందిన హోవార్డ్ స్మిత్, బిల్లును కదలనివ్వలేదు. మెజారిటీ సభ్యులు సంతకాలు పెడితే కమిటీని దాటించి బిల్లును సభకు తేవచ్చన్న నిబంధన ఒకటుంది. 1963 డిసెంబర్‌లో సెల్లర్ ఆ పిటిషన్ పెట్టారు. సంతకాలు పెరుగుతుంటే స్మిత్ దిగొచ్చాడు. 1964 ఫిబ్రవరి 10న ప్రతినిధుల సభ 290-130 ఓట్లతో బిల్లును ఆమోదించింది. సెనేట్‌లో ఈస్ట్‌లాండ్ కమిటీకి పంపకుండా నేరుగా సభ ముందు పెట్టారు. దక్షిణాది సెనేటర్లు వారాల తరబడి ప్రసంగాలతో అడ్డుకున్నా జూన్ 10న 71-29 ఓట్లతో ఆ అడ్డంకి తొలగింది. జులై 2న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశారు. మరుసటి ఏడాది ఓటు హక్కు చట్టాన్ని కూడా ప్రతినిధుల సభలో నడిపించింది సెల్లరే.

ఆయన చూడనిది

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. 1964 చర్చలో స్మిత్ ఒక సవరణ తెచ్చాడు. ఉద్యోగ వివక్ష నిషేధంలో జాతి, రంగు, మతం, జాతీయ మూలంతో పాటు స్త్రీ పురుష భేదాన్ని కూడా చేర్చమన్నాడు. బిల్లును నవ్వులపాలు చేసి ఓడించడానికే తెచ్చాడని చాలామంది అనుకున్నారు. సెల్లర్ ఆ సవరణను వ్యతిరేకించారు, ఇంటి ముచ్చట్లతో సభను నవ్వించారు. ఆ నవ్వుల మధ్య లేచి సవరణను బలపరిచింది మిషిగన్ సభ్యురాలు మార్తా గ్రిఫిత్స్, ఇంకొందరు మహిళా సభ్యులు. సవరణ గెలిచింది. సెనేట్‌లో దాన్ని తీసేస్తారన్న భయం వచ్చినప్పుడు నల్లజాతి న్యాయవాది పాలీ ముర్రే ఒక పత్రం రాసి సెనేటర్లకు అందేలా చేశారు. ఆ పదం లేకపోతే నల్లజాతి స్త్రీకి ఈ చట్టంలో సగం రక్షణే దొరుకుతుందన్నది ఆమె వాదన. జాతి పేరుతోనా, స్త్రీ అన్న కారణంతోనా ఏ కత్తితో తనను కోశారో ఆమె విడదీసి చెప్పలేదు కదా. దళిత స్త్రీల గురించి ఇక్కడి ఉద్యమాల్లో నడిచిన చర్చ తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

స్త్రీలకు సమాన హక్కులిచ్చే రాజ్యాంగ సవరణ మొదటిసారి అమెరికా చట్టసభకు వచ్చింది కూడా సెల్లర్ అడుగుపెట్టిన 1923లోనే. ఆయన ఛైర్మన్‌గా ఉన్న ఇరవై ఏళ్లకు పైగా దాన్ని సొరుగులోనే ఉంచారు. శ్రామిక స్త్రీల రక్షణ కోసం ఉన్న చట్టాలు పోతాయన్నది ఆయన కారణం. కొన్ని కార్మిక సంఘాలు కూడా చాలాకాలం ఆ మాటే అన్నాయి. కారణం ఏదైనా, బిల్లును చర్చకే రానివ్వకపోవడం ఈస్ట్‌లాండ్ పద్ధతే. చివరికి 1970లో గ్రిఫిత్స్ ఏం చేశారు? స్మిత్ మీద సెల్లర్ వాడిన ఆయుధాన్నే, అదే సంతకాల పిటిషన్‌ను, సెల్లర్ మీద వాడి ఆ సవరణను సభకు తెచ్చారు. ఆ ఆగస్టులో సభ 352-15తో ఆమోదించింది.

1972లో బ్రూక్లిన్ డెమొక్రటిక్ ప్రైమరీలో ఎలిజబెత్ హోల్ట్జ్‌మన్ అనే యువ న్యాయవాది ఆయన మీద పోటీ చేశారు. ఎనభై నాలుగేళ్ల సెల్లర్ ఆమెను లెక్కలోకే తీసుకోలేదు. ఆయన వియత్నాం యుద్ధాన్ని సమర్థించారని, నియోజకవర్గానికి దూరమయ్యారని, స్త్రీల సవరణను అడ్డుకున్నారని ఆమె ఇంటింటికీ తిరిగి చెప్పారు. సుమారు 600 ఓట్ల తేడాతో సెల్లర్ ఓడిపోయారు. 1981 జనవరి 15న, తొంభై రెండేళ్ల వయసులో, బ్రూక్లిన్‌లోనే చనిపోయారు.

తలుపులోంచి వచ్చినవాళ్లు

ఇప్పుడు మనకు సూటిగా సంబంధించిన చట్టానికి వద్దాం. 1965 అక్టోబర్ 3న, న్యూయార్క్ ఓడరేవులోని స్వేచ్ఛా విగ్రహం దగ్గర అధ్యక్షుడు జాన్సన్ హార్ట్-సెల్లర్ వలస చట్టం మీద సంతకం పెట్టారు. 1924 నాటి కోటా లెక్క రద్దయింది. తూర్పు అర్ధగోళంలోని ఏ దేశానికైనా ఏడాదికి 20,000 దాకా వీసాలు అన్న ఒకే కొలత వచ్చింది. సొంత ఖండంలోని మెక్సికో లాంటి దేశాల మీద మొదటిసారి సంఖ్యా పరిమితి పెట్టిందీ ఇదే చట్టమని మరవకూడదు. వీసాల్లో ఎక్కువ భాగం పౌరుల, నివాసుల బంధువులకు కేటాయించారు. ఇరవై శాతం వృత్తి నిపుణులకూ, అవసరమైన పనివాళ్లకూ పెట్టారు.

ఈ చట్టం వల్ల ఆసియావాళ్లు పెద్దగా రారని సెల్లర్ సభకు భరోసా ఇచ్చారు. అక్కడ ఉన్న ఆసియావాళ్లే కొద్దిమంది, వాళ్లకు తెచ్చుకోవడానికి బంధువులు ఎక్కడున్నారన్నది ఆయన లెక్క. ఆ లెక్క తప్పింది. వృత్తి నిపుణుల వీసా మీద డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్లారు, తర్వాత బంధువుల వీసా మీద అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ పిలిపించుకున్నారు. 1977 నాటికే ఉత్తర అమెరికాలో తెలుగువాళ్ల సంఘం తానా ఏర్పడింది.

వెళ్లిందెవరు? చట్టం కులం అడగలేదు. పట్టా అడిగింది. అరవైల్లో, డెబ్బైల్లో ఆంధ్రప్రదేశ్‌లో మెడికల్, ఇంజనీరింగ్ పట్టాలు ఎక్కువగా ఏ ఇళ్లలో ఉన్నాయో, విమానం టికెట్‌కు అమ్మడానికి పొలం ఎవరికి ఉందో మనకు తెలుసు. పుట్టుక మెట్లను తీసేయడానికి రాసిన చట్టం, అసమాన సమాజం మీద వాలేసరికి, ఇక్కడి మెట్ల మీద పైన ఉన్నవాళ్లనే ముందుగా ఏరుకుంది. బంధువుల వీసా ఆ ఎంపికను తరానికి తరం పెంచుతూ పోయింది. వాళ్లతో పాటు కులమూ విమానం ఎక్కింది.

1964 చట్టంలో కులం అన్న పదం లేదు. అందుకే ఈ తరం దళితులు అక్కడ కొత్తగా పోరాడాల్సి వస్తోంది. కుల వివక్ష జాతి కిందికి వస్తుందా, మతం కిందికా, జాతీయ మూలం కిందికా అని వాదించుకోవాలి. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగర మండలి కుల వివక్షను పేరు పెట్టి నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన ఇలాంటి బిల్లును గవర్నర్ గావిన్ న్యూసమ్ అక్టోబర్‌లో తిప్పి పంపారు. ఉన్న చట్టాలే సరిపోతాయన్నది ఆయన మాట. బిల్లును గట్టిగా వ్యతిరేకించినవాళ్లలో భారతీయ సంతతి హిందూ సంఘాలున్నాయి. 1965 చట్టంతో లోపలికి వెళ్లి, 1964 చట్టం నీడలో ఉద్యోగాలు చేసి, ఆ నీడను ఇంకొకరి మీదికి జరపొద్దంటున్నారన్నమాట.

థింద్ కేసులో కులం పేరు చెప్పి తలుపు తీయమన్నారు. వందేళ్ల తర్వాత అదే దేశంలో కులం పేరే చట్టంలో రాయొద్దంటున్నారు. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు వాదనలూ కాపాడేది ఒకే మెట్టును.

సెల్లర్ జీవితం నుంచి విద్యార్థులు, కార్యకర్తలు తీసుకోవాల్సినవి నాకు మూడు కనిపిస్తాయి. ఓడిపోయిన మొదటి ప్రసంగం నలభై ఒక్క ఏళ్ల తర్వాత చట్టం కావచ్చు, కానీ అన్నాళ్లూ కుర్చీని వదలకుండా పట్టుకున్నవాళ్లు ఉండాలి. ఒక అన్యాయాన్ని జీవితమంతా ఎదిరించిన మనిషి పక్కనున్న ఇంకో అన్యాయానికి కాపలా కాయవచ్చు, కాబట్టి ఎవరి మంచితనం మీదా హక్కులను వదిలేయకూడదు. ఇక మూడోది: చట్టంలో రాయని పదానికి ఎవరూ జవాబుదారీ కారు. స్త్రీ అన్న అర్థమిచ్చే పదాన్ని చట్టంలో నిలబెట్టడానికి పాలీ ముర్రే కాగితం కలం పట్టుకున్నారు. కులం అన్న పదం కోసం ఆ పని ఇప్పుడు మన వంతు.